బండిలో ఎవరూ లేరు కదా?

షట్టర్ దించితే తప్ప ఆ పని జరగదు. ఎండ పొడ ఒక్కటి పడినా బండి కెమెరా కంగారుపడుతుంది. బండికి ఎదురుగా నిలబెట్టిన గళ్ళ పలక ఫ్యాను గాలికి వెంట్రుకవాసి కదిలినా పని మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని షట్టర్ దించి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ చెయ్యాలి. ఆ మూసిన గదిలో అల్లుడు రోజులో సగం గడిపేవాడు, మిగతా సగం పైన మేడ మీద. దుకాణం మామగారిది, మేడ మామగారిది. మధ్యలో ఉన్న మెట్లు ఎవరివని అడక్కండి, అవీ ఆయనవే.

మామగారు జీవితమంతా బండ్లకి ముందద్దాలు బిగించిన మనిషి. రాయి తగిలి బీటలిచ్చిన అద్దాన్ని వేలితో ఒకసారి తడిమి, ఇది బతుకుతుందో లేదో చెప్పేసేవాడు. జిగురు పూయడంలో ఆయన చెయ్యి తిరుగులేనిది. ఆ తర్వాత బండ్లకి కళ్ళొచ్చాయి. అద్దం వెనక, లోపలి చిన్న అద్దానికి కాస్త పైన, ఒక కెమెరా కూర్చుని రోడ్డు చూడటం మొదలుపెట్టింది. ముందు బండి ఆగితే కేకలేస్తుంది, మనం వినకపోతే తనే బ్రేకు వేసేస్తుంది. అద్దం మారిస్తే దానికి చూపు మళ్ళీ నేర్పాలి. కొత్త కళ్ళజోడు పెట్టుకున్నవాడికి మెట్టు ఎక్కడుందో తెలియదు చూడండి, దాని పరిస్థితీ అంతే. మామగారు అందుకు కావలసిన యంత్రమూ, గళ్ళ పలకా కొనేసి, ఫ్యాక్టరీ మూతపడి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్న అల్లుణ్ణి కిందికి పిలిచాడు.

"నాకీ తెర మీద రాతలు అర్థం కావు. నువ్వు చదువుకున్నవాడివి. ఇక నుంచి ఇది నీ పని," అన్నాడు.

అల్లుడు తలూపాడు. ఆ ఇంట్లో అతను బాగా నేర్చుకున్న విద్య అదే. ఏ గదికి ఏ రంగు వెయ్యాలో, పాపని ఏ బడిలో చేర్చాలో, వాళ్ళ బండికి ఏ టైర్లు కొనాలో మామగారు చెప్పేవాడు, అతను తలూపేవాడు. వీధిలోవాళ్ళు "అల్లుడుగారు బండ్లకి కళ్ళ పరీక్ష చేస్తున్నారు" అని నవ్వుకుంటుంటే దానికీ తలూపేవాడు. నిజానికి ఆ పని అతనికి నచ్చింది. మూసిన షట్టర్ వెనక కనీసం తనొక్కడే ఉండొచ్చనుకున్నాడు. ఆ ముచ్చట ఎన్నాళ్ళో నిలవలేదు.

యంత్రం పని మొదలుపెట్టే ముందు కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. టైర్లలో గాలి సరిపడా ఉందా? డిక్కీ ఖాళీగా ఉందా? బండిలో ఎవరూ లేరు కదా? ఒక్కోదానికీ 'అవును' అని నొక్కితేనే ముందుకు కదులుతుంది.

మొదటి బండి రోజునే మామగారు భోజనం చేసి కిందికి దిగి, చెప్పులు బండి పక్కన జతగా విడిచి, వెనక తలుపు తీసుకుని సీట్లో ఎక్కి కూర్చున్నాడు. మనిషి మామూలు మనిషి కాదు. ఆయన కూర్చోగానే బండి వెనకభాగం ఒకసారి నిట్టూర్చి కిందికి దిగింది.

"మామయ్యగారూ, బండిలో ఎవరూ ఉండకూడదటండీ," అన్నాడు అల్లుడు వీలైనంత మెల్లగా.

"ఎవరూ అంటే? నేనెవరో ఒకడినా?"

ఈలోపు మామగారు తలుపు వేసుకుని సీటుకి తల ఆన్చేశాడు. కాసేపటికి గురక వినిపించింది. అల్లుడు యంత్రం ముందు కాసేపు తచ్చాడి 'అవును' నొక్కాడు. చివర్లో తెర మీద పచ్చటి టిక్కు పడింది. పడిందిగా, ఇంకేం అనుకున్నాడు.

అప్పట్నుంచి మధ్యాహ్నం అదే తంతు. పొద్దున మామగారు అద్దం బిగించేవాడు, జిగురు ఆరాక, భోజనాలయ్యాక అల్లుడు కెమెరాకి చూపు నేర్పేవాడు, ఆ చూపు నేర్పుతున్నంతసేపూ వెనక సీట్లో మామగారు నిద్రపోయేవాడు. ఒకసారి ఈ సంగతి భార్యతో అన్నాడు, నవ్వుతూనే. ఆమె నవ్వలేదు.

"అమ్మ పోయిన దగ్గర్నుంచి నాన్న పైన మంచం మీద కళ్ళు మూయడంలేదు. ఆ గదిలో ఊపిరాడదంటాడు. పక్కన ఎవరో పని చేసుకుంటున్న చప్పుడుంటే తప్ప నిద్ర పట్టడంలేదుట. పోనీలే, లేపకు," అంది.

బండిలో మనిషి ఉంటే ఏమవుతుందో ఆమెకి తెలియదు. అతను చెప్పలేదు. ముసలాయన మీద జాలి అని తనకి తాను చెప్పుకున్నాడు. జాలి లేదని కాదు, ఉంది. కానీ అందులో ముప్పాతికవంతు భయమే. మామగారి ముందు నిలబడి 'దిగండి' అనడం ఊహించుకుంటేనే అతని వేలు 'అవును' మీదికి వెళ్ళిపోయేది.

ఆ మధ్య వాళ్ళ సొంత బండి అద్దమూ మార్చాల్సివచ్చింది. ఎప్పుడో ఎగిరొచ్చిన కంకర రాయి చేసిన చిన్న మచ్చ ఉండేది దానికి. మండుటెండలో నిలబెట్టిన బండి మీద మామగారే దుమ్ము వదిలించాలని బిందెడు చల్లటినీళ్ళు కుమ్మరించాడు. మచ్చ కాస్తా ఆ చివర్నుంచి ఈ చివరికి గీతయింది. తప్పు చేసింది తనే కాబట్టి దగ్గరుండి కొత్త అద్దం బిగించాడు. మధ్యాహ్నం కూతురి బండే కదా అని ఇంకాస్త హక్కుగా, కాళ్ళు చాపుకుని మరీ పడుకున్నాడు. అల్లుడు 'అవును' నొక్కాడు. ఆ బండిలోనే రోజూ భార్య పాపని బడి దగ్గర దింపి, ఆఫీసుకి పోతుంది.

మొదటిసారి భార్య చెప్పినప్పుడు అతను పని తొందరలో ఉన్నాడు.

"బండి కాస్త ఆలస్యంగా చూస్తోందేమో అనిపిస్తోంది," అంది.

"అద్దం తుడువు. కెమెరా ముందు దుమ్ముంటే అలాగే చేస్తుంది," అన్నాడు.

అన్నాడు గానీ, మధ్యాహ్నం మామగారి నిద్ర గుర్తొచ్చి ఒక అనుమానం కదిలింది. దాన్ని అక్కడే నొక్కేశాడు.

వారం తర్వాత, రాత్రి భోజనాల దగ్గర ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తింది. పాపకి ముద్ద పెడుతూ, "ఇవాళ మళ్ళీ అలాగే చేసింది," అంది.

"ఏం చేసింది?" అన్నాడు మామగారు.

"ముందు బస్సు ఆగింది నాన్నా. ఎప్పుడూ నాకంటే ముందే గోలపెట్టే బండి, ఇవాళ బస్సు మీదున్న మట్టి కనపడేదాకా నోరు మెదపలేదు. నేనే బ్రేకు తొక్కాను. పాపకి బెల్టు ఒరుసుకుని మెడ దగ్గర ఎర్రగా కమిలింది చూడు."

"నీకు కాళ్ళున్నాయిగా తొక్కడానికి. మా రోజుల్లో బండికి కళ్ళూ లేవు, నోరూ లేదు. మేం బతకలేదా?" అన్నాడు మామగారు. కానీ పాప మెడ వైపు వంగి చూశాడు.

ఆమె మొగుడి వైపు తిరిగింది. "అద్దం తుడవమన్నావు, తుడిచాను. నువ్విచ్చిన మెత్తగుడ్డతోనే, సబ్బు లేకుండా. వైపర్ రబ్బర్లు గట్టిపడ్డాయంటే అవీ మార్పించాను. కెమెరా ముందు పాప అంటించిన బొమ్మ ఉంటే పీకేశాను, అది రోజంతా ఏడ్చింది. ఇంకేం తుడవాలో చెప్పు."

అల్లుడు కంచంలోంచి తలెత్తి చూశాడు. ఎదురుగా మామగారు, పక్కన భార్య, వాళ్ళ మధ్యలో పాప మెడ మీద ఎర్రటి గీత. చెబితే మామగారి నిద్ర పోతుంది, దుకాణం పరువు పోతుంది, తన పరువు సరేసరి. చెప్పకపోతే ఏం పోతుందో అతనికి ఊహించుకోవాలని లేదు.

"పొద్దున ఒకసారి చూస్తాలే," అన్నాడు. లేచి చెయ్యి కడిగేసుకున్నాడు.

తెల్లవారి మామగారు నడకకి వెళ్ళగానే కిందికి దిగాడు. బండిని లోపల పెట్టి, పాప సీటు తీసి బయట పెట్టాడు. డిక్కీలో గొడుగులూ చెప్పులూ కూడా తీసేశాడు. టైర్లలో గాలి చూశాడు. షట్టర్ దించాడు. గళ్ళ పలకని కొలిచి నిలబెట్టాడు. యంత్రం అడిగింది, బండిలో ఎవరూ లేరు కదా? వెనక సీటు ఖాళీగా ఉంది. అతను నిజంగా 'అవును' అని నొక్కడం, ఈ దుకాణంలో అదే మొదలు.

యంత్రం పాత చూపునీ, కొత్త చూపునీ పక్కపక్కన చూపించింది. రెండూ ఒకటి కావు. అతను అనుకున్నదే జరిగింది. వెనక బరువు పడితే బండి ముక్కు పైకి లేస్తుంది. ముక్కు లేచి ఉన్నప్పుడు ఇదే నీ సూటి చూపు అని కెమెరాకి నేర్పాడు. ఆ మనిషి దిగిపోయాక ముక్కు కిందికి దిగుతుంది, నేర్చుకున్న పాఠం మాత్రం మారదు. అప్పుడు ముందున్న బస్సు ఉన్నదానికంటే దూరంగా ఉందనుకుంటుంది బండి. ఇంకా టైముంది కదా అని నింపాదిగా బ్రేకు వేస్తుంది.

సరిచేశాడు. సామాన్లు ఎక్కడివక్కడ పెట్టాడు. భార్య కిందికి వచ్చి, "ఏమైంది?" అంటే, "కొంచెం తేడా ఉంది, సరిపోయింది," అన్నాడు. ఆమె సంతోషంగా వెళ్ళిపోయింది. పాప వెనకద్దంలోంచి చెయ్యి ఊపింది.

అల్లుడు దుకాణం ముందున్న బల్ల మీద కూలబడ్డాడు. గుండెల మీంచి బండరాయి దిగిందనుకున్నాడు, పూర్తిగా అనుకోకముందే ఇంకోటి వచ్చి కూర్చుంది. తన పెళ్ళాం బండి బాగుపడింది. మరి మిగతావి? మధ్యాహ్నం పూట ఈ షట్టర్ వెనకనుంచి పచ్చ టిక్కు పెట్టించుకుని వెళ్ళిన బండ్లన్నీ ఇప్పుడు ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో. వాటిలోనూ వెనక సీట్లో ఎవరి పిల్లలో ఉంటారు. వాళ్ళని వెనక్కి పిలవాలంటే కారణం చెప్పాలి. కారణం చెప్పాలంటే మామగారి పేరెత్తాలి. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు కూడా. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా అది వదిలి పోలేదు, అక్కడే కూర్చుంది.

ఆ పూట వచ్చింది ఒక నర్సు బండి. అద్దం చెట్టుకొమ్మ పడి పగిలింది. మామగారు ముచ్చటగా బిగించాడు. తాళాలిస్తూ ఆమె అల్లుడితో, "కెమెరా కాస్త జాగ్రత్తగా చూడండి. రాత్రి డ్యూటీ అయి వెళ్ళేటప్పుడు నాకు కళ్ళు మూతలు పడిపోతుంటాయి. రెండుసార్లు ఈ బండే నన్ను కాపాడింది," అంది. బయట బల్ల మీద కూర్చుని పుస్తకం తీసింది.

మధ్యాహ్నం మామగారు మెట్లు దిగి వచ్చాడు. అల్లుడు షట్టర్ దించాడు, ఫ్యాను ఆపాడు. ఆయన చెప్పులు విడిచాడు, వెనక తలుపు తీశాడు, ఎక్కాడు. బండి కుంగింది. తలుపు పడింది.

యంత్రం అడిగింది, బండిలో ఎవరూ లేరు కదా?

అల్లుడి వేలు తెర దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. షట్టర్ అవతల నర్సు పుస్తకం పేజీ తిప్పిన చప్పుడైంది. లోపల మామగారి ఊపిరి అప్పుడే బరువెక్కుతోంది. ఇంకో నిమిషం ఆగితే గురక మొదలవుతుంది, అప్పుడు ఇక తనవల్ల కాదని అతనికి తెలుసు. వెళ్ళి అద్దం మీద కొట్టాడు. అనుకున్నదానికంటే గట్టిగానే తగిలింది.

మామగారు ఉలిక్కిపడి అద్దం దించాడు. "ఏంటయ్యా?"

"దిగండి మామయ్యగారూ."

"ఎందుకు?"

"బండిలో ఎవరూ ఉండకూడదు. మీరైనా సరే."

మామగారి మొహం ఎర్రబడింది. "ఇన్నాళ్ళూ లేనిది ఇవాళేం వచ్చింది? నా దుకాణంలో నేనెక్కడ కూర్చోవాలో నువ్వు చెబుతావా?"

అప్పుడు అల్లుడు చెప్పాడు. వరసగా కాదు, ముందుది వెనక, వెనకది ముందు. ఆయన బరువుకి ముక్కు లేవడం, బస్సు దూరంగా కనపడటం, పాప మెడ మీద గీత, పొద్దున ఖాళీ బండితో చేసి చూడటం, అన్నీ చెప్పాడు.

మామగారు అరవలేదు. బండిలో అలాగే కూర్చుని తెర వైపు చూశాడు.

"ఇది ప్రతిసారీ అడుగుతుందా?"

"అడుగుతుంది."

"నువ్వేం చెప్పేవాడివి?"

"ఎవరూ లేరని."

"నేను వెనకాల ఉండగానే?"

"అవునండీ."

మామగారు తలుపు తీసుకుని మెల్లగా దిగాడు. చెప్పులు కాళ్ళకి తొడుక్కోవడం కూడా మర్చిపోయాడు. "నాకు ఈ యంత్రం సంగతి తెలియదయ్యా. కళ్ళు మూసుకుంటే నిద్ర పట్టే చోటు ఇదొక్కటే దొరికింది, పడుకున్నాను. తెలిస్తే దిగనా? తెలిసినవాడివి నువ్వు. ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది."

"ఏం చేస్తాననుకున్నావు? కొడతానా? ఇంట్లోంచి పొమ్మంటానా?"

అల్లుడు వెతుక్కున్నాడు. మామగారు ఏం చేస్తాడని ఇన్నాళ్ళూ భయపడ్డాడో అతనికి ఒక్కటీ దొరకలేదు. కసురుకోవడం తప్ప ఆయన తననెప్పుడూ ఏమీ అనలేదు. ఏమీ అనకముందే తను తలూపేసేవాడు కదా, అనాల్సిన పనే పడలేదు. గోడలన్నీ తనే కట్టుకుని ఇంటి ఓనర్ని తిట్టుకున్నట్టుంది.

"పొద్దున నీ పెళ్ళాం బండి సరిచేసుకున్నావు. మిగతావాళ్ళ సంగతేం చేద్దామనుకున్నావు?" అన్నాడు మామగారు.

అల్లుడు తల దించుకున్నాడు. ఆయన ఆ మొహంలో జవాబు చదువుకున్నాడు. అప్పుడు మాత్రం ఆయన కళ్ళలో కనపడిందాన్ని అల్లుడు చూడలేకపోయాడు. కోపమైతే భరించేవాడు.

ముందు నర్సు బండి పూర్తిచేశారు. మామగారు గోడకి ఆనుకుని నిలబడే ఉన్నాడు, తెర మీద టిక్కు పడేదాకా కళ్ళార్పకుండా చూశాడు. ఆమె వెళ్ళిపోయాక షట్టర్ పూర్తిగా ఎత్తేసి, బల్ల మీద కూర్చుని, తన ఫోను తీసి అల్లుడి చేతిలో పెట్టాడు.

"మధ్యాహ్నాలు వచ్చినవాళ్ళందరి నంబర్లూ ఇందులోనే ఉన్నాయి. అందర్నీ రమ్మను. నా పేరు చెప్పు, నేను బండిలో పడుకున్నానని చెప్పు, నాకేం సిగ్గులేదు. కానీ మొదట మా అమ్మాయికి చెయ్యి."

"దాని బండి బాగైపోయింది కదండీ."

"చెయ్యి," అన్నాడు మామగారు.

ఈసారి తలూపడం తేలిక కాలేదు. ఫోను మోగుతున్నంతసేపూ ఆమె ఎత్తకపోతే బాగుండుననుకున్నాడు. ఎత్తింది. "ఏంటి నాన్నా?" అంది.

"నేనే," అన్నాడు.

చెప్పాడు. మామగారికి చెప్పిన దానికంటే తక్కువ మాటల్లోనే చెప్పగలిగాడు. అవతల కుర్చీ జరిగిన చప్పుడు, నడిచిన చప్పుడు, తలుపు వేసిన చప్పుడు వినిపించాయి. జనం లేని చోటికి వెళ్ళింది.

"పోయినవారం నేను మొదటిసారి చెప్పాను చూడు," అంది. "అద్దం తుడవమన్నావు. అప్పుడే తెలుసా నీకు?"

అతను మామగారి వైపు చూశాడు. ఆయన రోడ్డు వైపు చూస్తున్నాడు.

"అనుమానం వచ్చింది," అన్నాడు.

"అనుమానం వచ్చి, వారం రోజులు నన్నూ పాపనీ అదే బండిలో పంపించావు."

అది ప్రశ్న కాదు కాబట్టి జవాబు అక్కర్లేదేమో అనుకున్నాడు. అయినా "అవును" అన్నాడు.

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. తిడితే బాగుండునని అతను ఎదురుచూశాడు. చివరికి తనే అన్నాడు, "ఇప్పుడేం ఫర్వాలేదు. పొద్దున నేనే చేశాను. ఖాళీ బండితో, అన్నీ చూసి మరీ చేశాను. ఇప్పుడు బాగానే ఉంది."

"బాగానే ఉండుంటుందిలే," అంది ఆమె. "బండి ఇక్కడే వదిలేస్తాను. సాయంత్రం పాపని తీసుకుని బస్సులో వస్తాం."